డబ్బాల మీద నిలబడి చూసిన ఫైనల్

సింగపూర్ వచ్చిన తెలుగువాళ్ళకి మేం చూపించే ఊరు ఒకటే. మొదటిరోజు సింహం నోట్లోంచి నీళ్ళు పడేచోట ఫోటోలు, రెండోరోజు పక్షుల పార్కు, మూడోరోజు సెరంగూన్ రోడ్డులో పొద్దుపోయేదాకా షాపింగ్. సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని ఇప్పుడు ప్రతి ఫ్లైటులోనూ హైదరాబాదు నుంచి పదిమంది దిగుతున్నారు. వాళ్ళ వెనకే వాళ్ళ అత్తమామలూ అమ్మానాన్నలూ దిగుతున్నారు. ఆ టూరు ఇప్పుడు కళ్ళు మూసుకుని చేయించేయగలను. ఈసారి రాస్తున్నది మాత్రం దాని గురించి కాదు. పోయిన శనివారం ఒక పెద్దాయన్నీ ఆయన మనవరాలినీ వెంటబెట్టుకుని, నలభై ఏళ్ళ కిందట వేరే దేశంలో జరిగిపోయిన ఫుట్‌బాల్ ఫైనల్ చూసొచ్చాను. జరిగిపోయిన ఆటని చూడ్డమేమిటని మీకు అనిపించవచ్చు. వెళ్ళేదాకా నాకూ అలాగే అనిపించింది.

ముందు ఆ పెద్దాయన గురించి చెప్పాలి. అప్పన్న అంకుల్ నాకు ఇక్కడి తెలుగువాళ్ళ కూడికల్లో పరిచయం. ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల కాలంలో ఓడెక్కి వచ్చారు. అంకుల్ ఇక్కడే పుట్టి, సరుకు ఓడల వంటశాలల్లో పనిచేసి, ఇప్పుడు హౌగాంగ్‌లో కొడుకు ఫ్లాట్‌లో ఉంటున్నారు. ఆయన మాటలో శ్రీకాకుళమూ, తమిళమూ, మలయ్యూ ఒకే గిన్నెలో ఉడుకుతుంటాయి. మనిషి పొట్టి, కబుర్లు పొడుగు. ఆ కబుర్లలో మకుటం లేని మహారాజు మెల్‌బోర్న్ ఫైనల్ కథ.

వయసులో ఉండగా ఆయన ఓడ ఒకసారి మెల్‌బోర్న్ రేవులో ఆగిందట. ఆ రోజు అక్కడి వాళ్ళ ఫుట్‌బాల్ ఫైనల్. ఓడలో పనిచేసే ఆస్ట్రేలియా ఇంజనీరు ఒకాయన, తోడు వస్తానన్న స్నేహితుడు రాకపోయేసరికి, ఆ టికెట్టు ఈయన చేతిలో పెట్టి గ్రౌండుకి లాక్కెళ్ళాడు. లోపల జనం సముద్రం. ఇంజనీరు ఎటు పోయాడో తెలియలేదు. అందరూ నిలబడి చూసే చోట అంకుల్‌కి ముందువాళ్ళ వీపులు తప్ప ఏమీ కనపడలేదు. పక్కనున్న ఒకాయన జాలిపడి, ఖాళీ బీరు డబ్బాలు వరసగా పేర్చి, వాటిమీద ఒక చెక్క వేసి ఎక్కమన్నాడు. ఎక్కినా వీపులే. ఆ పక్కాయన భుజాల మీద అప్పటికే తన కొడుకు ఉన్నాడు, కింద ఆరేళ్ళ కూతురు నాకూ కనపడాలని ఏడుస్తోంది. అంకుల్ ఆ పిల్లని తన భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆట ఆఖరి భాగమంతా పిల్ల పైనుంచి చెప్పడం, ఈయన కిందనుంచి వినడం. చివర్లో గెలిపించిన గోల్ కూడా ఆ పిల్ల చెప్పిందే. ఒక పొడుగాటి మనిషి పరిగెత్తుకొచ్చి, ముందున్నవాడి భుజాల మీద కాలేసి గాల్లోకి లేచి, కాకి వడ ఎత్తుకుపోయినట్టు బంతిని అందుకుని, కిందికి దిగి, ఎడమకాలితో తన్నాడు.

ఈ ఉగాదికి వాళ్ళింట్లో భోజనాల దగ్గర అంకుల్ ఈ కథ మొదలెట్టారు. డబ్బాల దగ్గరికి వచ్చేసరికి మనవరాలు దివ్య పకపకా నవ్వేసింది. పదిహేనేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టి పెరిగింది. "తాతా, హూ స్టాండ్స్ ఆన్ టిన్స్ లా? సర్కస్ ఆ?" అంది. కొడుకు ఇంకో అడుగు ముందుకేసి, "మా నాన్న ఓడలో రేడియోలో విన్నారండీ. చెప్పగా చెప్పగా అది చూసినట్టే అయిపోయింది," అని మా అందరికీ సర్దిచెప్పాడు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, పండగపూట నవ్వులాట. కానీ అంకుల్ చేతిలో పాయసం గిన్నె కింద పెట్టి, "సరి, ఇక సెప్పన్లే," అన్నారు. అన్నట్టే ఆ తర్వాత మళ్ళీ చెప్పలేదు. దివ్య బతిమాలి అడిగినా టీవీ వైపు తిరిగేవారట. ఆ పిల్లకి అది ముల్లులా గుచ్చుకుంటోందని నాకు తర్వాత తెలిసింది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎవరేం చెప్పినా "అలాగా, చూపించు" అనడం నా బతుకుతెరువు. ఇంటికొచ్చాక కూడా ఆ బుద్ధి పోదని మా ఆయన గోల. ఆ రోజు నేను నవ్వలేదు గానీ నమ్మనూ లేదు. ఆగస్టులో మా క్లయింటు తరఫు మేనేజరు కెన్, ఆస్ట్రేలియా ఆయన, సెప్టెంబరు ఆఖరి శనివారం తనకి ఫోన్ చేయొద్దని మీటింగులో చెప్పాడు. ఆ రోజు వాళ్ళ ఫుట్‌బాల్ ఫైనల్. ఇక్కడ స్థిరపడ్డ పాత అభిమానులు కొందరు ఏటా కలుసుకుని, లైవ్ ఆటకి ముందు ఏదో ఒక పాత ఫైనల్ టేపు వేసుకుంటారట. ఈ ఏడు వాళ్ళమ్మ కూడా మెల్‌బోర్న్ నుంచి వచ్చింది, ఆమె స్వయంగా చూసిన ఫైనల్ వేస్తున్నారు. ఏ ఫైనల్ అని ఊరికే అడిగాను. నిలువు చారల చొక్కాల జట్టుకీ, అడ్డపట్టీ చొక్కాల జట్టుకీ, చివరి నిమిషాల్లో గోల్, మూడు పాయింట్ల తేడా అన్నాడు. ఏ చొక్కాలో, ఎంత తేడానో అంకుల్ నోట అన్నిసార్లు విన్నాను కాబట్టి అది ఆయన చూసిన ఫైనలేనని వెంటనే తెలిసిపోయింది.

సాయంత్రం ఫోన్ చేసి అంకుల్‌కి చెప్పాను. "ఆ టేపులో అంతా కనపడతాదేటమ్మా?" అన్నారు. కనపడుతుందన్నాను. "సరి. వస్తాను. దివ్యని కూడా తీసుకురా. దాని ముందరే తేలాల. నాను చెప్పింది తప్పని తేలితే మరి నా జన్మలో ఆ మాట ఎత్తను," అన్నారు. ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. ఊరకుండలేక పెద్దాయన పరువు తీసుకెళ్ళి ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు పెడుతున్నానేమో అనిపించింది. ఆ రాత్రి మా ఆయన కూడా అదే మాట అన్నాడు.

శనివారం పొద్దున ఏడు దాటాక బుకిట్ బటోక్‌లో రైలెక్కాను. మా వైపు నుంచి హౌగాంగ్ అంటే ఊరికి ఆ చివర. జురాంగ్ ఈస్ట్‌లో మారి, మళ్ళీ ఊట్రమ్ పార్కులో ఊదారంగు లైనుకి మారాలి. గంట పైనే పడుతుంది, కార్డులో రెండు డాలర్లలోపే పోతుంది. ఊదారంగు లైనులో డ్రైవరు ఉండడు. మొదటి పెట్టెలో ముందు అద్దం దగ్గర నిలబడితే సొరంగం మన మీదికే వస్తున్నట్టుంటుంది. పిల్లలున్నవాళ్ళు తప్పకుండా అక్కడ నిలబడండి. పిల్లలు లేకపోయినా నేను నిలబడ్డాను.

అంకుల్ వాళ్ళ బ్లాకు కింద రాతి బల్ల దగ్గర నాకంటే ముందే సిద్ధంగా ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెరిసే బూట్లు, చొక్కా జేబులో కళ్ళజోడు. పక్కన దివ్య చెవుల్లో వైర్లు పెట్టుకుని ఉంది. "గుడ్ మార్నింగ్ ఆంటీ," అని, తాత వినకుండా నా పక్కకి జరిగి, "టిన్స్ లేవని తేలితే ఎలా ఆంటీ? హీ విల్ బి సో శాడ్," అంది. ఆ పిల్ల గొంతులో వెక్కిరింత లేదు. కంగారుంది. రైలు టైమైంది పద అన్నాను.

మనం పొద్దున్నే బయల్దేరితే దారిలో లిటిల్ ఇండియాలో దిగి టిఫిను చేయడం తేలిక, స్టేషన్ బయటే టెక్కా మార్కెట్టు. ఆదివారం అయితే కాలు పెట్టే సందుండదు, శనివారం పొద్దున హాయిగా ఉంటుంది. మేమూ అక్కడే దిగాం. రద్దీ లేకపోయినా దివ్య అలవాటుకొద్దీ బల్లమీద టిష్యూ ప్యాకెట్టు పడేసి చోప్ చేసింది. ఇక్కడ టిష్యూ ప్యాకెట్టు ఉన్న బల్ల జోలికి ఎవరూ రారు, రైల్లో తువ్వాలు వేసి సీటు ఆపుకునే మనవాళ్ళకి ఇది బాగా వంటబడుతుంది. దోసె డాలరున్నర, టీ ఎనభై సెంట్లు. దోసెల పెనం దగ్గరున్న తమిళాయన అంకుల్‌ని ముప్పై ఏళ్ళుగా ఎరుగును. అంకుల్ దోసె ముట్టకుండా ప్లేటు వెనక్కి పంపడం చూసి, "ఏం అప్పన్నా, మాకాన్ వద్దా ఇవాళ? ఉడంబు సరిలేదా?" అన్నాడు. "ఒళ్ళు బాగానే ఉందిరా. పరీక్ష రాయడానికి పోతున్నాను. ఖాళీ కడుపుతో పోతేనే మంచిది," అన్నారు అంకుల్. ఆయనేదో వైద్య పరీక్ష అనుకుని పాపం దోసె డబ్బులు తీసుకోనన్నాడు. బలవంతంగా ఇచ్చి వచ్చాం.

అక్కణ్ణుంచి రెండో స్టేషను క్లార్క్ కీ. నది ఒడ్డునే అయిదు నిమిషాలు నడిస్తే పాత గిడ్డంగుల వరసలో ఆ పబ్బు, దాని పైఅంతస్తులో హాలు. పెద్దవాళ్ళకి పదిహేను డాలర్లు, పిల్లలకి సగం, అందులోనే మధ్యాహ్నం తిండి. లోపల పాతికమంది దాకా ఉన్నారు. చాలామంది అరవై దాటినవాళ్ళే. ఈ ఉక్కలో కూడా మెడకి ఉన్ని మఫ్లర్లు చుట్టుకుని, సగంమంది ఒక జట్టు రంగులూ సగంమంది ఇంకో జట్టు రంగులూ వేసుకుని కూర్చున్నారు. కెన్ వాళ్ళమ్మ మార్గరెట్ ఆంటీ ఎదురొచ్చి, అంకుల్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. టేపు వేయడానికి ముందు ఒక పద్ధతి ఉందని చెప్పింది. ఆ రోజు గ్రౌండులో ఉన్న ప్రతి ఒక్కరూ లేచి, ఎక్కడ నిలబడి చూశారో, ఏం చూశారో చెప్పాలి. అందరూ చెప్పాకే టేపు. టేపు చూశాక మాత్రం ఎవరూ ఎవరినీ తప్పని అనకూడదు. "ఇక్కడ ఎవరి ఆట వాళ్ళదే," అంది ఇంగ్లీషులో, చిన్నపిల్లలకి చెప్పినట్టు.

ఈలోగా కెన్ నాకు ఆట నేర్పాడు. బంతి మన కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. వల లేదు, నాలుగు కర్రలు పాతుంటాయి. మధ్య రెండింటి లోంచి తన్నితే గోలు, ఆరు పాయింట్లు. గురితప్పి పక్క కర్రల మధ్య నుంచి పోయినా ఒక పాయింటు ఇస్తారు. "తప్పినందుకు కూడా మార్కా?" అన్నాను. "దగ్గరదాకా వచ్చాడు కదా," అన్నాడు కెన్. మా కంపెనీ అప్రైజల్‌లో ఈ మాట ఎవరి నోటా వినలేదు.

మార్గరెట్ ఆంటీ చెంచాతో గ్లాసు మీద కొట్టింది. ముందు ఆమే లేచింది. అప్పటికి ఆమె నిండు నెలల గర్భిణి. కడుపులో ఉన్నది కెన్నే. డాక్టరు వద్దన్నా వెళ్ళిందట. ఆమెకి ఆట ఏమీ గుర్తులేదు. జనం నెట్టుకుంటుంటే ముందూ వెనకా ఉన్న మగవాళ్ళు, రెండు జట్ల వాళ్ళూ కలిసి, చేతులు పెనవేసుకుని ఆమె చుట్టూ దడిలా నిలబడ్డారు. ఆట అయ్యేదాకా ఆ దడి విడలేదు. వాళ్ళ వీపులు మాత్రం ఇప్పటికీ గుర్తుపడతానంది. తర్వాత ఓడిన జట్టు ఆవిడ లేచి, ట్రాములో ఇంటికెళ్ళేటప్పుడు మఫ్లరు కోటు లోపల దాచుకున్నాననీ, మర్నాడు అమ్మ దాన్ని ఉతకబోతే గ్రౌండు వాసన పోతుందని లాక్కున్నాననీ చెప్పింది. ఇంకో ఆయన చివరి పది నిమిషాలు గుండె తట్టుకోలేక బయటికి వచ్చేశాడట. పక్కనున్న పార్కులో చెట్ల మధ్య నడుస్తుంటే గ్రౌండులోంచి హోరు లేచింది. "నేను ఆ గోల్ చూడలేదు. విన్నాను. మా జట్టుదేనని ఆ హోరులోనే తెలిసింది. అంత పెద్ద చప్పుడు నా పెళ్ళిలో కూడా వినలేదు," అన్నాడు. పక్కనే ఆయన భార్య ఉంది, నవ్వింది.

ఏదో ముసలివాళ్ళ కాలక్షేపం చూద్దామని వచ్చినదాన్ని. వీళ్ళు నలభై ఏళ్ళ కిందటి మధ్యాహ్నాన్ని నిన్నటి కూరలా రుచి చెబుతున్నారు. ఆ రోజు గాలి ఎటు వీచిందో ఒకాయన చెయ్యెత్తి చూపిస్తే, మిగతావాళ్ళు తలలు ఊపారు. మనిషి మనసులో ఇంత చోటుందా అని ఆశ్చర్యమేసింది. దివ్య ఎప్పుడు తీసేసిందో గానీ చెవుల్లో వైర్లు లేవు.

అంకుల్ వంతు వచ్చింది. లేచి, చొక్కా సర్దుకుని, ఓడల్లో నేర్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టారు. ఓడ ఆగడం, ఇంజనీరు టికెట్టివ్వడం, తప్పిపోవడం, వీపులు. అక్కడ ఆగి ఒకసారి దివ్య వైపు చూశారు. మనవరాలు అందరి ముందూ తలదించుకోవాల్సి వస్తుందని అనుకున్నారు కాబోలు, "తర్వాత కొంచెం ఎత్తుగా ఉన్నచోట నిలబడ్డాను," అని డబ్బాల మాట మింగేశారు.

చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన ముందుకి వంగాడు. గొంతులో అనుమానం దాచుకోలేదు. "ఏ వైపు నిలబడ్డావు?" అని అడిగాడు. అంకుల్ చెప్పారు. పెద్ద గడియారానికి ఎదురుగా, ఎండ మొహాన పడే వైపు. "అక్కడ ఎత్తైన చోటంటూ ఏదీ లేదే. చదును నేల. నేను ముందురోజు సాయంత్రం నుంచే దుప్పటి కప్పుకుని గేటు ముందు పడుకుని అక్కడ చోటు పట్టాను, నాకు ప్రతి అంగుళం తెలుసు. నువ్వు దేని మీద నిలబడ్డావు?" అన్నాడు. హాలంతా అంకుల్ వైపే చూస్తోంది. ఆయన చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇక తప్పదనుకున్నారేమో, నేల చూపులు చూస్తూ, "బీరు డబ్బాల మీద. ఖాళీవి. మీద చెక్క వేసి," అన్నారు.

కర్ర పెద్దాయన కర్రతో నేలని ఠప్పున కొట్టాడు. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా," అని నవ్వడం మొదలుపెట్టాడు. హాలంతా నవ్వింది. దివ్య మొహం పాలిపోయింది. మార్గరెట్ ఆంటీ లేచి, "ఆ వైపు డబ్బాల మీద నిలబడినవాళ్ళు చేతులెత్తండి," అంది. చేతులు లేచాయి. ఒకటి కాదు, ఆ వైపు చూసినవాళ్ళందరివీ. అప్పట్లో డబ్బాలు గట్టి ఇనుపవట. పొద్దున్నుంచి తాగిన కొద్దీ కింద పేర్చుకుంటూ పోయేవారు, ఆట ముదిరేకొద్దీ మనుషులు ఎత్తు పెరిగేవారు. "మా ఆయన ఇంట్లో అయిదున్నర, ఆఖరి క్వార్టరుకి ఆరడుగులు," అంది ఆంటీ. చెక్క వేసుకునే తెలివి అందరికీ ఉండేది కాదని, నీ పక్కనున్నవాడెవడో ఆరితేరినవాడని కర్ర పెద్దాయన అంకుల్‌తో అన్నాడు. టీవీలో చూసినవాళ్ళకి ఈ సంగతి తెలియదట, డబ్బాలు కెమెరాకి కనపడవు కదా.

నేను దివ్య వైపు తిరిగాను. చూసేసరికి ఆ పిల్ల కుర్చీలోంచి లేచి తాత పక్కకి వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. అంకుల్ గొంతు ఒక్కసారిగా పాతికేళ్ళ మనిషిదైపోయింది. భుజాల మీద పిల్ల, పైనుంచి మాటలు, భుజాలెక్కి ఎగిరిన పొడుగాటి మనిషి, ఎడమకాలు. కథంతా చేతులతో, కాళ్ళతో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అప్పుడే అసలు భయం మొదలైంది, ఎందుకంటే ఎగిరినవాడి మాట విన్నప్పుడు కర్ర పెద్దాయనా మార్గరెట్ ఆంటీ మొహాలు చూసుకోవడం నా కంటబడింది.

టేపు నలుపు తెలుపుల్లో ఉంది, బొమ్మ మీద వాన కురుస్తున్నట్టు గీతలు. ఆఖరి నిమిషాలు వచ్చాయి. అంకుల్ కళ్ళజోడు పెట్టుకుని కుర్చీ అంచుకి జరిగారు. బురదలో ఇద్దరు ముగ్గురు ఒకరిమీద ఒకరు పడ్డారు. ఆ కుప్పలోంచి బంతి జారి బయటికొచ్చింది. ఒక పొట్టి ఆటగాడు దాన్ని చేత్తో కూడా పట్టకుండా, నేలమీదనే కుడికాలితో తన్నాడు. అది తూలుకుంటూ, దొర్లుకుంటూ కర్రల మధ్య నుంచి పోయింది. అంతే. ఎవరూ ఎగరలేదు, ఎవరి భుజాలూ ఎవరూ ఎక్కలేదు. అంకుల్ కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుని, "ఇంకోసారి వేస్తారా?" అని అడిగారు. కెన్ వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. మళ్ళీ బురద, కుప్ప, పొట్టివాడు.

ఆ పద్ధతి ప్రకారం హాల్లో ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. అంకుల్ ఖాళీ తెర వంక చూస్తూ ఉండిపోయారు. దివ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఆయన మొహంలో నెమ్మదిగా ఏదో తెరుచుకుంది. నా వైపు తిరిగి తెలుగులో అన్నారు. "అమ్మాయ్, ఆ పిల్లకీ ఏటీ కనపడలేదే."

నాకు అర్థం కాలేదు. "ముందరోళ్ళు ఆరడుగులోళ్ళు. ఆళ్ళూ డబ్బాలెక్కీసినారు. నాలాటి పొట్టోడి బుజాలెక్కితే పిల్లకి మాత్రం ఏటి కనపడతాది? నాను ఊరుకోకుండా ఏటైంది, ఏటైంది అని అడుగుతానే ఉన్నాను. దించీస్తాననుకుందో ఏటో. పాపం ఆరేళ్ళ పిల్ల, నా కోసరం ఆటంతా అల్లీసినాది," అని తల అడ్డంగా ఊపుతూ నవ్వారు. "ఎంత బాగా అల్లినాదే. నలభై ఏళ్ళు నాను దాని ఆటే చూసినాను." ఆ నవ్వులో ఓడిపోయిన బాధ లేదు. గుడిలో దేవుణ్ణి చూసినప్పుడు ఉండే వెలుగుంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

ఆయనన్నది నేను ఇంగ్లీషులో చెప్పాను. మార్గరెట్ ఆంటీ ఆ పిల్ల గోల్ మళ్ళీ ఒకసారి చెప్పమని అంకుల్‌ని అడిగింది. ఆయన లేచి చెప్పారు. ఈసారి అది ఎవరి గోలో అందరికీ తెలుసు, అయినా ఇందాకటికంటే నిశ్శబ్దంగా విన్నారు. పార్కులో నడిచినాయన కళ్ళు మూసుకుని విని, "నేను విన్న హోరు ఈ గోలుకే," అన్నాడు. ఎవరూ కాదనలేదు.

పన్నెండున్నరకి లైవ్ ఆట మొదలైంది. మాంసం వద్దన్నవాళ్ళకి చీజు శాండ్‌విచ్‌లు ఉన్నాయి, శాకాహారులు ముందే చెబితే మంచిది. అంకుల్ పొద్దున్నుంచి ఆపుకున్న ఆకలంతా తీర్చుకున్నారు. రెండో క్వార్టరులో ఒక పొడుగు కుర్రాడు నిజంగానే ముందున్నవాడి వీపెక్కి గాల్లోకి లేచి బంతి పట్టుకున్నాడు. ఈ ఆటలో అది నిజంగానే ఉందని నాకూ దివ్యకీ అప్పుడే తెలిసింది. నా పక్కన ఆ పిల్ల నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఎవరు గెలిచారో మాత్రం నన్ను అడగకండి, నేను సగం సేపు తెరని చూడలేదు, తెరని చూస్తున్న ముసలి మొహాలు చూస్తూ కూర్చున్నాను.

తిరుగు రైల్లో హౌగాంగ్ దాకా వాళ్ళతోనే వెళ్ళాను. అంకుల్ కిటికీ వైపు తల వాల్చి కళ్ళు మూసుకున్నారు. ఉగాదినాడు తనతోపాటు నవ్విన పెదనాన్న కొడుకు దివ్యకి ఫోన్ చేశాడు, తాత కథ సంగతి ఏం తేలిందని. ఆ పిల్ల ఇంగ్లీషులో గబగబా చెప్పింది. డబ్బాలు నిజం, అందరూ చేతులెత్తారు, నువ్వు తాతకి సారీ చెప్పాలి. అవతలివాడు గోల్ గురించి అడిగినట్టున్నాడు. దివ్య ఒక్క క్షణం ఆగింది. "యా లా, హీ ఫ్లూ. ముందువాడి షోల్డర్స్ మీద కాలేసి. లెఫ్ట్ ఫుట్ సమ్ మోర్. నేనే చూశాను, ఓకే?" అంది. అంకుల్ కళ్ళు తెరవలేదు, కానీ నిద్రపోతున్న మనిషి అలా నవ్వడు.

నేను ఈ ఊళ్ళో మూడేళ్ళుగా చూపించిన ఫౌంటెన్లూ పార్కులూ నాకు ఒక్కటీ సరిగ్గా గుర్తులేవు. ఈ ఒక్క పూట మాత్రం ఎక్కడికీ పోదని తెలుస్తోంది. ఎవరో తెలియని ఆరేళ్ళ పిల్ల తనని మోస్తున్న పరాయి మనిషికి ఒక గోల్ ఇచ్చింది. అది మెల్‌బోర్న్ నుంచి ఓడెక్కి వచ్చి, హౌగాంగ్‌లో ఒక ఇంట్లో తాత నుంచి మనవరాలికి చేరింది. ఆ పిల్ల ఇప్పుడు నడివయసులో ఎక్కడో ఉండి ఉంటుంది. తను చెప్పిన మాట ఇంతదూరం వచ్చిందని ఆమెకి ఎప్పటికీ తెలియదు. అది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

సెప్టెంబరు ఆఖరి శనివారం మీరు ఇక్కడుండి, ఇలాంటి కూడిక ఎక్కడైనా ఉందని వింటే ఒక్క సలహా. మధ్యాహ్నం ఆట టైముకి కాదు, పొద్దున పదింటికల్లా చేరండి. టేపు వేయక ముందే వాళ్ళు మాట్లాడతారు.